ఎడమచేతి పనితనం

తిరుమల కల్యాణకట్టలో ఓ పక్కన నిలబడి కాసేపు చూస్తే చాలు, కుడిచేతికి దక్కే మెప్పంతా అసలు ఎడమచేతి సంపాదన అని అర్థమవుతుంది. కత్తి ఉండేది కుడిచేతిలో. అందరి చూపూ దాని మీదే. బిడ్డ తల్లి ఊపిరి బిగబట్టి చూసేదీ దాన్నే. పని నడిపేది మాత్రం ఎడమచెయ్యి. తల ఎటు వాలాలి, చర్మం ఎక్కడ బిగియాలి, కత్తి ఎప్పుడు ఆగాలి అన్నవన్నీ అదే నిర్ణయిస్తుంది. పెద్దవాళ్ళ దగ్గర ఈ సంగతి బయటపడదు. వాళ్ళు తల వంచుకుని, చెప్పినట్టు కూర్చుంటారు కాబట్టి ఎడమచేతికి పెద్దగా పనుండదు. పది నెలల బిడ్డకు వంచడం తెలియదు, కూర్చోవడం ఇష్టముండదు. పుట్టువెంట్రుకలు తీసే క్షురకుడి చెయ్యి ఎంత గొప్పదో అక్కడే తెలుస్తుంది.

ఎంతమందికి దర్శనమైందో దేవస్థానం రోజూ ప్రకటిస్తుంది. ఆ అంకె పక్కనే తలనీలాలు సమర్పించినవారి సంఖ్య ఉంటుంది. అది తరచుగా ఇరవై వేలు దాటుతుంది. ప్రధాన కల్యాణకట్టలో పగలూ రాత్రీ పని సాగుతూనే ఉంటుంది. వసతి గృహాల దగ్గర చిన్న కల్యాణకట్టలు వేరే ఉన్నాయి. టోకెను, బ్లేడు ఉచితం. ఆడవాళ్ళ కోసం మహిళా క్షురకులూ ఉన్నారు. వరసగా కూర్చున్న క్షురకుల ముందు తలలు వంగుతుంటాయి, లేస్తుంటాయి. తలకు కొద్ది నిమిషాలే. ఆ వేగానికి అలవాటుపడిన చెయ్యి, పుట్టువెంట్రుకల బిడ్డ ఎదుటికి రాగానే తన నడక మార్చుకుంటుంది. ముందు తల్లీతండ్రులను చూస్తుంది, తరవాత బిడ్డను, చివరికి జుట్టును. ఈ వరస అనుభవంతో వచ్చింది. బిడ్డను పట్టుకునేవాళ్ళు కంగారుపడితే ఎంత పదునైన బ్లేడయినా ఉపయోగం లేదు.

నేను చూసిన పెద్దాయన కత్తి తీయడానికి ముందే సగం పని ముగించాడు. "అమ్మా, పాప కాళ్ళు మీ మోకాళ్ళ మధ్య పెట్టుకోండి. బాబూ, మేనమామ మీరేనా? చేతులు పట్టుకోండి. గట్టిగా వద్దు, పట్టుకున్నారని పాపకు తెలిస్తే చాలు." బిడ్డను తల్లి గుండెకు ఆనించి, గడ్డం ఆమె భుజం మీదికి వచ్చేట్టు సర్దాడు. చాలా కుటుంబాల్లో మేనమామ ఒళ్ళోనే కూర్చోబెడతారు, ముందుగా అతనే కత్తెరతో మూడు చోట్ల కాస్త కాస్త కత్తిరిస్తాడు. ఆ ముచ్చట కానిచ్చి, బిడ్డను మళ్ళీ తల్లికిమ్మన్నాడాయన. ఎదురుగా కొత్త మనిషి ముఖం కనబడకపోతే ఏడుపులో సగం తగ్గుతుంది. మెడ వెనక నుంచి మొదలుపెడితే కత్తి కూడా కనబడదు.

తరవాత నీళ్ళు. తొందరలో ఉన్నవాడు చల్లి వదిలేస్తాడు. పనిమంతుడు గోరువెచ్చని నీళ్ళు తెమ్మని, అరచేత్తో తడిపి, వేళ్ళ చివర్లతో కుదుళ్ళ దాకా నిదానంగా రుద్దుతాడు. నీరు పీల్చుకున్న వెంట్రుక ఉబ్బి మెత్తబడుతుంది, దాన్ని తెంచడానికి పొడి వెంట్రుకకు కావలసినంత బలం అక్కర్లేదు. బలం తగ్గితే ఒత్తిడి తగ్గుతుంది, చర్మం చీరుకునే అవకాశమూ తగ్గుతుంది. ఈ రుద్దడంలో ఇంకో పని కూడా జరిగిపోతుంది. ఆయన వేళ్ళు తలంతా ఒకసారి చదువుతాయి. ఎక్కడ పుట్టుమచ్చ ఉంది, ఎక్కడ చెమటకాయ లేచింది, పాలపొర కట్టి ఎండిన చోటేది, సుడి ఎటు తిరిగింది అన్నవన్నీ తడిచేతికి దొరుకుతాయి. బిడ్డేమో ఎవరో తల నిమురుతున్నారనుకుని ఆ కాసేపు ఊరుకుంటుంది.

పసితల ఆకారం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ పనిలోని కష్టమంతా అందులోనే ఉంది. పుట్టినప్పుడు తల చుట్టుకొలత సుమారు 35 సెంటీమీటర్లు. ఏడాది నిండేసరికి 46 దగ్గరికి వస్తుంది. పెద్దవాళ్ళది 55 పైమాటే. గుండ్రం చిన్నదయ్యేకొద్దీ దాని వంపు ఎక్కువ. బ్లేడు అంచేమో నాలుగు సెంటీమీటర్ల తిన్నని గీత. పెద్ద తల మీద కన్నా పసితల మీద ఆ గీతలో తక్కువ భాగం ఆనుతుంది. అందుకే పొడవాటి లాగుడు ఇక్కడ పనికిరాదు. చిన్న చిన్న కదలికలతో, ఒకదాని అంచు మీదికి ఇంకొకటి వచ్చేట్టు, తలంతా నడిచిరావాలి. ఉబ్బెత్తుగా ఉన్న చోట బ్లేడు మూలలు గాలిలోనే ఉంటాయి కనుక భయం లేదు. లోతుగా ఉండే చోట్ల, అంటే చెవి వెనక మడత దగ్గర, మెడ గుంట దగ్గర, ఆ మూలలే ముందు దిగబడతాయి. అక్కడికి వచ్చేసరికి ఆయన ఎడమచేతి చూపుడువేలు చెవిని ముందుకు మడుస్తుంది, బొటనవేలు చర్మాన్ని కిందికి లాగుతుంది. గుంట ఉన్న చోటు ఆ క్షణానికి చదునవుతుంది. కత్తి వెళ్ళి వచ్చేస్తుంది. వేళ్ళు వదిలేస్తే మడత మళ్ళీ మడతే. ఈ ఒక్క కదలికను ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరలేదు.

తలలు అన్నీ ఒకే గుండ్రం కూడా కావు. ఎప్పుడూ ఒకే పక్కకు పడుకునే బిడ్డకు ఆ వైపు కాస్త చదునుగా ఉంటుంది. వెనకవైపు జుట్టు రెండు మూడు నెలలప్పుడు రాలిపోయి, మళ్ళీ మొలిచి పొట్టిగా ఉంటుంది, ముందువైపు పొడుగ్గా ఉంటుంది. పక్కగుడ్డ రాపిడి వల్లే రాలిందని బాధపడే తల్లులున్నారు. రాపిడి కొంత నిజమే గాని, ఆ వయసులో వెనకజుట్టు రాలడం దాని సహజమైన వరసలో భాగం. ఇక సుడి దగ్గర జుట్టు అన్ని దిక్కులకూ తిరుగుతుంది. వాలుకు ఎదురు వెళితే చర్మం మండుతుంది. వాలుతోనే వెళ్ళాలంటే సుడి చుట్టూ కత్తి దిక్కు మార్చుకుంటూ తిరగాలి. రెండు సుడులున్న తల అయితే రెండు లెక్కలు. రెండు సుడులుంటే రెండు పెళ్ళిళ్ళని పెద్దవాళ్ళు నవ్వుకుంటుండగా ఆయన మాత్రం ఆ రెంటి మధ్య సన్నని దారి వెతుక్కుంటుంటాడు.

అన్నిటికన్నా తల్లిని భయపెట్టేది నడినెత్తిన ఉండే మాడు. ఎముకలు ఇంకా కలవని చోటు అది. చర్మం కింద గట్టి పొర ఉంటుంది కాబట్టి తేలిగ్గా తగిలే కత్తితో దానికొచ్చే ప్రమాదం లేదు. అయినా అక్కడ పని వేరు. బిడ్డ ఏడిస్తే మాడు ఉబ్బుతుంది, ఊరుకుంటే సర్దుకుంటుంది, నాడి కొట్టుకోవడం పైకే కనబడుతుంది. చేతికింద ఉన్న తలమే కదులుతుంటే కత్తి బరువు చేత్తోనే మోయాలి, తల మీద వెయ్యకూడదు. ఆయన మాడు దగ్గరికి వచ్చేసరికి ఏడుపు కాస్త తగ్గేదాకా ఆగాడు. పక్కవాళ్ళు తొందరపడినా ఆయన తొందరపడలేదు. ఎడమ అరచెయ్యి తల వెనక ఉంచి, "అయిపోయింది నాన్నా, అయిపోయింది, ఏదీ మా బంగారం" అంటూ మాటల్లో పెట్టాడు. ఏడుపు తెరిపి ఇవ్వగానే నాలుగైదు కదలికల్లో అక్కడ పని పూర్తిచేశాడు.

ఇంతకీ బిడ్డ హఠాత్తుగా తల విదిలిస్తే తెగదేం? దీనికి జవాబు కుడిచేతి చిటికెనవేలు. కత్తి పట్టిన చేతిలో ఆ ఒక్క వేలూ ఖాళీగా ఉండి, ఎప్పుడూ తలకు ఆని ఉంటుంది. తల కదిలితే వేలు కదులుతుంది, వేలితో చెయ్యి, చేతితో కత్తి. అంచుకూ చర్మానికీ మధ్య ఉండాల్సిన లెక్క చెదరదు. బ్లేడు నేరుగా పోతున్నప్పుడు చర్మాన్ని కోయడం అరుదు, పక్కకు జారితే తేలిగ్గా కోస్తుంది. ఆ జారుడు రాకుండా చిటికెనవేలు కాపలా కాస్తుంది. ఎడమ అరచెయ్యి ఇంకో పని చేస్తుంది. తలను బిగించి పట్టదు. బిగిస్తే బిడ్డ ఎదురు తిరుగుతుంది. తల వెళ్ళిన వైపే కొంత వెళ్ళి, నెమ్మదిగా వెనక్కి తెస్తుంది. ఊయల ఊపే చేతికి ఈ గుణం ఉంటుంది. ఏడుపుకూ ఒక వరస ఉందని కాసేపు విన్నాక నాకు తోచింది. పొడుగ్గా ఏడ్చినంతసేపూ తల ఒక్కచోటే బిగుసుకుని ఉంటుంది, ఊపిరి తీసుకోబోయే ముందే విదిలిస్తుంది. ఆయన కత్తి సరిగ్గా అప్పుడే పైకి లేచేది. ఈ వృత్తి కుటుంబాల్లోనే గుళ్ళలో సన్నాయి, డోలు వాయించేవాళ్ళున్నారు. ఎదుటివాళ్ళ ఊపిరిని విని పని చేయడం ఆ ఇళ్ళల్లో కొత్త విద్యేమీ కాదు.

ఇక ఎప్పుడు తీయించాలి అన్న ప్రశ్న. మనుస్మృతి చూడాకర్మకు, అంటే పుట్టువెంట్రుకలు తీసే సంస్కారానికి, మొదటి ఏడు గానీ మూడో ఏడు గానీ చెప్పింది. ఆశ్వలాయన గృహ్యసూత్రం మూడో ఏడు అంటూనే, లేదంటే కులాచారం ప్రకారం అని వదిలింది. ఆ వెసులుబాటునే మన ఇళ్ళు వాడుకున్నాయి. తొమ్మిదో నెల, పదకొండో నెల, మూడో ఏడు అని బేసిలెక్కలు పెట్టుకున్నాయి. కొందరు మగపిల్లలకే తీయిస్తారు, కొందరు ఆడపిల్లలకూ తీయిస్తారు. ఎక్కడ తీయించాలన్నది మొక్కును బట్టి. తిరుమల, ద్వారకా తిరుమల, అన్నవరం, సింహాచలం, యాదగిరిగుట్ట, వేములవాడ, కొండగట్టు, బెజవాడ కనకదుర్గమ్మ, లేదా ఊళ్ళోని ఇలవేల్పు గుడి. అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళకు ముహూర్తం చాలాసార్లు విమాన టికెట్లను బట్టి కుదురుతుంది. రెండున్నరేళ్ళ పిల్లలను తీసుకుని ఆ ఒక్క పనికోసం కొండెక్కేవాళ్ళున్నారు.

పని చేసే చెయ్యి వైపు నుంచి చూస్తే ఈ వయసులకు వేరే అర్థం ఉంది. మూడు నాలుగు నెలలకు గాని మెడ నిలవదు. తొమ్మిదో నెలకు బిడ్డ దానంతటది కూర్చుంటుంది, పరుగెత్తలేదు. ఇది క్షురకుడికి అనుకూలం. కాని కొత్తముఖం చూస్తే బెదిరే వయసు కూడా సరిగ్గా అదే. అందుకే ఆ వెనక నుంచి మొదలుపెట్టడం. మాడు చాలామంది పిల్లల్లో ఏడాదికీ ఏడాదిన్నరకూ మధ్య పూడుతుంది, కొందరికి రెండేళ్ళు పడుతుంది. మూడో ఏట తల గట్టిపడుతుంది, మాట అర్థమవుతుంది, కానీ బలం వచ్చేస్తుంది. వద్దు అనడం వచ్చేస్తుంది. ఇద్దరు పట్టుకున్నా ఆగని మూడేళ్ళవాణ్ణి బతిమాలి, కత్తి పిడిని వాడి అరచేతి మీద ఆనించి చూపించి, ఒప్పించి చేసిన క్షురకులున్నారు. నన్నడిగితే పదకొండో నెల మంచిది. మెడ నిలిచింది, టీకాల్లో చాలా భాగం పడ్డాయి, ఇంకా కాళ్ళు రాలేదు. తొమ్మిదో నెలలో తీయించేవాళ్ళు ఆ నెలలో వేసే తట్టు టీకా రోజులు, దానివల్ల వచ్చే జ్వరపు రోజులు తప్పించుకుంటే సరిపోతుంది.

వైద్యం ప్రకారం తీయించి తీరాల్సిన అవసరమేమీ లేదు. తీయిస్తే నష్టమూ లేదు, శుభ్రంగా జరిగితే. గుండు చేస్తే జుట్టు ఒత్తుగా వస్తుందన్న ఆశ ఒకటి మనలో బలంగా ఉంది. కుదుళ్ళన్నీ తల్లి కడుపులోనే ఏర్పడిపోతాయి, పుట్టాక కొత్తవి పుట్టవు. కత్తి తాకేది చర్మం పైకి వచ్చిన నిర్జీవమైన భాగాన్నే, కుదురుకు ఆ సంగతే తెలియదు. గొరగడం వల్ల వెంట్రుక మందం గానీ పెరిగే వేగం గానీ మారదని అమెరికన్ శరీరనిర్మాణ శాస్త్రవేత్త మిల్‌డ్రెడ్ ట్రాటర్ 1928లోనే చూపించింది. పుట్టువెంట్రుక కొస సన్నగా ఉంటుంది, కోశాక మొద్దు కొసతో మొలుస్తుంది కాబట్టి చేతికి గరుకుగా తగులుతుంది. పైగా ఏడాది రెండేళ్ళ మధ్య పసిజుట్టు పోయి ముదురుజుట్టు రావడం ఎలాగూ జరిగేదే. ఆ మార్పును మనం గుండు ఖాతాలో వేస్తున్నాం. మొక్కు ఉంటే మొక్కు కోసం తీయించండి, వేసవి చెమటకు తట్టుకోలేకపోతున్నాడంటే అందుకోసం తీయించండి. ఒత్తు కోసం మాత్రం ఆ చిన్నతలను కత్తికి అప్పగించనక్కర్లేదు.

హైదరాబాదు ముస్లిం కుటుంబాల్లో ఈ పని ఇంకా ముందే వస్తుంది. అఖీఖా ఏడో రోజున. బిడ్డ తల గొరిగించి, ఆ వెంట్రుకల తూకానికి సరిపడా వెండి దానం చేయడం ఆచారం. ఏడు రోజుల బిడ్డకు మెడే నిలవదు. తల మొత్తం ఎవరో ఒకరి అరచేతిలో ఉండాలి. చర్మం పలచన, మాడు పెద్దది, వెనకవైపు ఇంకో చిన్న మాడు కూడా పూడకుండా ఉంటుంది. ఒక్క అనుకూలం ఏమిటంటే ఆ బిడ్డ పాలు తాగి నిద్రపోతే కొంతసేపు లేవదు. నిద్రలోనే పని ముగించగల హజ్జాము, అంటే క్షురకుడి, చెయ్యి దొరకడం ఆ ఇంటికి అదృష్టం. అంత లేతతలకు ఆ చెయ్యి ఎంత తేలికపడాలో ఊహించుకుంటేనే నాకు గౌరవం కలుగుతుంది.

పనిముట్టు మారింది. మడిచే పాత కత్తిని తోలుపట్టీ మీద నూరి, పొదిలో పెట్టుకుని ఇంటింటికీ తిరిగిన తరం దాదాపు వెళ్ళిపోయింది. ఆ కత్తికి బరువుండేది, ఆ బరువు చేతికి సాయపడేది. ఇప్పటి సగం బ్లేడు తేలిక, పదును ఎక్కువ, మూలలు ప్రమాదం. అయినా ఈ మార్పు రావలసిందే. హెపటైటిస్‌-బి వైరస్ శరీరం బయట కనీసం ఏడు రోజులు బతుకుతుంది. ఒక తల మీద కంటికి కనబడనంత గీత, అదే అంచుతో ఇంకో తల, అంత చాలు. ప్రతి తలకూ కొత్త బ్లేడు, మధ్యలో పిడిని మందునీళ్ళతో కడగడం, చేతులు కడుక్కోవడం ఇప్పుడు పనితనంలో భాగమే. బ్లేడు కాగితం మీ ఎదుట విప్పమని అడగడానికి మొహమాటపడకండి. మంచి పనిమంతుడు అడగకముందే విప్పి చూపిస్తాడు. చేతికి అంత అలవాటు లేనివాడు దొరికినా, బిడ్డ నెత్తిన పొరలూ పుండ్లూ ఉన్నా ట్రిమ్మరు వాడించడం మేలు. అది చర్మం దాకా కోయకుండా వెంట్రుక మొదలు కొద్దిగా వదిలేస్తుంది. మొక్కుకు అది చాలదనేవాళ్ళుంటారు, కాని పుండున్న తల మీద బ్లేడు పెట్టించే మొక్కు ఏ దేవుడూ అడిగి ఉండడు.

పని అయ్యాక గంధం. పూసిన కాసేపటికి మంట చల్లబడుతుంది, తలా ముద్దొస్తుంది. సాన మీద అరగదీసింది అయితే మంచిదే. రంగు, సువాసన కలిపిన పొట్లాల గంధం అప్పుడే గొరిగిన చర్మానికి పడకపోవచ్చు. దాని బదులు శుభ్రమైన నీళ్ళు, కాస్త కొబ్బరినూనె చాలు. ఎండలోకి వెళితే నూలు టోపీ.

కల్యాణకట్టలో జీతం మీద పనిచేసేవాళ్ళతో పాటు పీస్‌రేటు క్షురకులు కూడా ఉన్నారు. తలకు ఇంత అని వాళ్ళ లెక్క. పుట్టువెంట్రుకల తలకు పెద్ద తలకన్నా రెండు మూడు రెట్లు సమయం పడుతుంది. బుజ్జగించాలి, ఆగాలి, తల్లికి ధైర్యం చెప్పాలి, మేనమామ ఫోటో దిగేదాకా చూడాలి. లెక్కలో అదీ ఒక తలే. ఈ సంగతి తెలిశాక ఆ పెద్దాయన మాడు దగ్గర ఆగిన ఆ కాసేపటి విలువ నాకు ఇంకా పెరిగింది. ఊళ్ళలో ఇంటికి పిలిపించి తీయిస్తే బియ్యం, కొబ్బరికాయ, తాంబూలం, పైన డబ్బు పెట్టి పంపడం మర్యాద. ఆ మర్యాదలో చెయ్యి బిగపట్టవద్దు. ఒక పెళ్ళి ఫొటోగ్రాఫరుకు బేరమాడకుండా ఇచ్చేదానిలో పదో వంతు కూడా ఈ చేతికి ఇవ్వడానికి వెనకాడే ఇళ్ళు చూశాను, బాధేసింది.

తిరుమలలో సేవ ఉచితం, డబ్బు ఇవ్వకూడదు. అక్కడ ఆయనకు మనం చేయగల సాయం వేరే. బిడ్డ నిద్రలేచి, పాలు తాగి, కడుపు నిండి ఉన్న వేళకు తీసుకువెళ్ళాలి. పాలు తాగిన వెంటనే కాకుండా, తేన్పు వచ్చి కాస్త కుదుటపడ్డాక. నెత్తిన పొరలుంటే నాలుగు రోజుల ముందు నుంచే నూనె పెట్టి స్నానంలో మెత్తబరచాలి, ఆ రోజు మాత్రం నూనె రాయకూడదు, కత్తి జారుతుంది. మెడలో గొలుసు, చెవులకు రింగులు ఉంటే తీసెయ్యాలి. చెవులు కుట్టించడం అదే రోజు పెట్టుకోకపోతే బిడ్డకు ఒక ఏడుపు తగ్గుతుంది. పట్టుకునేవాళ్ళు ఇద్దరు చాలు, మిగతా చుట్టాలు రెండడుగులు వెనక నిలబడాలి, వీడియో తీసేవాళ్ళు ఆయన వెలుతురుకు అడ్డం రాకూడదు.